మన థాణే జిల్లాను పిల్లలకు చూపిద్దాం



పద్మనగర్ పిల్లలను "మీ ఊరేది?" అని అడిగితే, పుట్టి పెరిగిన భివండీని చెప్పరు; కరీంనగర్ జిల్లాలోనో, నల్లగొండ జిల్లాలోనో తాతగారు విడిచివచ్చిన గ్రామం పేరు చెబుతారు. అది ముచ్చటే. కాని వేసవిలో పదిరోజులు చూచే ఆ ఊరు తెలిసినంతగా, ఏడాది పొడుగునా నివసించే థాణే జిల్లా వారికి తెలియదు.

వజ్రేశ్వరి మన తాలూకాలోనిదే. మొక్కు తీర్చుకొని తిరుగుబస్సు ఎక్కుతామే గాని, ఆ గుడి కోటవలె ఎందుకున్నదో పిల్లలకు చెప్పం. పోర్చుగీసువారి నుండి వసయీ కోటను గెలిస్తే ఆలయం కట్టిస్తానని పీష్వా సోదరుడు చిమాజీ అప్పా మొక్కుకొన్నాడని చెబుతారు. 1739లో కోట మరాఠాల వశమైంది. చేరువలోనే అక్లోలి, గణేశపురిలలో, తాన్సా నది ఒడ్డున, వేడినీటి బుగ్గలున్నాయి. రాక్షసుల రక్తమే ఆ నీరైందని స్థానికుల కథ. కథను కథగా విననిద్దాం. వాననీరు రాతి పగుళ్ల వెంట లోతుకు ఇంకి, భూగర్భపు వేడిమికి కాగి పైకి ఉబుకుతుందని సైన్సు ఉపాధ్యాయిని అక్కడే నిలబెట్టి చెబితే జన్మలో మరువరు. (చేయి ముంచి చూడనిదే వారు కదలరనుకోండి!) ఆ నదిపైనే 1892లో పూర్తయిన జలాశయం నుండి ముంబయికి మంచినీరు పోతున్నది.

అంబర్‌నాథ్ శివాలయ శాసనం క్రీ.శ. 1060 నాటిది. మన రామప్పగుడి 1213 నాటిది గనుక, ఇది నూటయేబది ఏళ్లు పెద్దది. రామప్పను చూచివచ్చిన పిల్లలు ఈ శిల్పాలతో పోల్చుకొనవచ్చు. లోనాడ్ బౌద్ధగుహ మరీ దగ్గర.

నేతవారమైన మనకు కళ్యాణ్ ప్రత్యేకం. ఆరవ శతాబ్దిలో కాస్మస్ అనే గ్రీకు యాత్రికుడు ఆ రేవు నుండి వస్త్రాలు ఎగుమతి అయ్యేవని వ్రాశాడు. సాంచాలు రాకముందే ఈ నేల బట్టల వర్తకం ఎరుగును.

ఇక నా విన్నపం. విహారయాత్ర పత్రం పంపితే మగపిల్లలవి సంతకాలతో తిరిగివస్తాయి. ఆడపిల్లలవి అనేకం ఖాళీగా వస్తాయి. "ఎదిగిన పిల్ల గదా మేడం" అంటారు కొందరు, "ఆ పూట కండెలు ఎవరు చుడతారు?" అంటారు మరికొందరు. తల్లులారా, మీరు కూడ ఆ వేడిబుగ్గలను చూడలేదని నాతో ఎందరో చెప్పారు. అమ్మాయిల వెంట ఉపాధ్యాయినులు ఉంటారు. దీపాలు పెట్టేలోగా ఇంటికి చేరుస్తాం. బస్సులో తల్లులకు కూడ చోటు ఉంచుతాం. ఈసారి పత్రం వచ్చినప్పుడు సంతకం చేసి పంపండి.