వారానికి ఒక్కసారే అమ్మా!

చేవెళ్ల నుంచి మాట్లాడుతున్నా. అమ్మకు కీళ్లవాతం. మొయినాబాద్‌లో చూపిస్తే మెథోట్రెక్సేట్ రాశారు, వారానికి ఒక్కసారి. బీపీ గోలీలతో కలిపి అమ్మ రోజూ వేసుకుంది. నేను చీటీ చదవనే లేదు! వారం తిరగకముందే నోరంతా పుండ్లు, రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయినయ్. దవాఖానాలో పెట్టి, ఫోలినిక్ యాసిడ్ ఇచ్చి కాపాడారు.

ఈ మందు 1940లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి టీమ్ అమెరికాలో తయారుచేసిందే. శరీరంలో ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకుంటది. అందుకే రోజూ వేస్తే ఎముక మజ్జలో కొత్త రక్తకణాలు తయారుకావు.

ఇప్పుడు డాక్టర్ చెప్పినట్టు ఆదివారం ఈ గోలీ, ఫోలిక్ యాసిడ్ వేరే రోజు. స్ట్రిప్ మీద 'ఆదివారం' అని స్కెచ్‌పెన్‌తో రాసినా. రక్తకణాలు, లివర్, కిడ్నీ పరీక్షల తేదీలకు ఫోన్‌లో అలారం ఉంది. నోట్లో పుండో, జ్వరమో వస్తే గోలీ వేయకుండా ముందు డాక్టర్‌కే ఫోన్. అలారం మోగితే అమ్మ నవ్వుతది, "నీకే పెట్టుకో రా, మరిచేది నువ్వే" అని.