ఓజ్ దేశపు బాకా

(సంఘ గ్రంథాలయ మందిరమున జరిగిన మాసిక సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయము "బాలసాహిత్యము" అని కార్యదర్శిగారు ప్రకటించియున్నారు. అంతటి సముద్రమును ఈదుట నాకు చేతగాని పని. ఒక్క రచయితను గూర్చి, అందునను ఆ రచయితపై ప్రేమచేత కొందరు నడపుచున్న ఒక చిన్న పత్రికను గూర్చి చెప్పి విరమింతును. పత్రిక అమెరికాది. దాని పేరు 'బామ్ బ్యూగిల్'. బ్యూగిల్ అనగా దండులో ఊదెడి బాకా. అక్కడ ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు దాని పాత సంచికలు రెండును, ఒక పటమును నాకు పంపెను. పేరు చూడగనే నాకు నవ్వు వచ్చినది. ఫలానావాడు ఫలానావానికి బాకా ఊదుచున్నాడని మనమన్నచో అది మెచ్చుకోలు కాదు గదా! చదివిన పిమ్మట ఆ నవ్వు ఎంతవరకు న్యాయమో తేల్చుకొనలేక కొన్నాళ్లు బాధపడితిని. ఆ బాధయే నేటి నా ప్రసంగము.

లైమన్ ఫ్రాంక్ బామ్ 1856 మే 15వ తేదీన న్యూయార్కు రాష్ట్రములోని చిట్టెనాంగో అను ఊరిలో జన్మించెను. తండ్రి కొనియిచ్చిన చిన్న అచ్చుయంత్రముపై చిన్నతనముననే తమ్మునితో కలిసి ఒక ఇంటిపత్రికను ముద్రించెను. పెద్దవాడై నాటకములాడెను, కోళ్లను పెంచెను, ఇరుసుల నూనె అమ్మెను, డకోటా ప్రాంతములో దుకాణము పెట్టి నష్టపోయెను, ఒక వారపత్రిక నడిపి అదియు నిలువక షికాగో చేరెను. అచట పింగాణీ సామానుల నమూనాలు పెట్టెలో పెట్టుకొని ఊరూర తిరిగెను. దుకాణముల అద్దపు కిటికీలను ఎట్లు అలంకరింపవలెనో చెప్పు పత్రికకు 1897లో సంపాదకుడయ్యెను. ఇన్ని వృత్తులలో ఓడిన మనుష్యుడు 1900లో, తన నలువది నాలుగవ యేట, 'ఓజ్ దేశపు అద్భుత మాంత్రికుడు' అను పుస్తకమును ప్రకటించెను. డెన్‌స్లో అను చిత్రకారుడు దానికి బొమ్మలు వేసెను.

కాన్సాసు మైదానమునుండి డారతీ అను పిల్ల సుడిగాలిలో ఇంటితో సహా ఎగిరిపోయి ఓజ్ దేశములో పడును. తెలివి కావలెనను గడ్డిబొమ్మ, హృదయము కావలెనను తగరపు మనిషి, ధైర్యము కావలెనను సింహము ఆమెకు తోడగుదురు. కోరిన గుణము వారివద్ద మొదటినుండియు ఉండనే ఉన్నదని పుస్తకము చదువు పసిబిడ్డకు తెలియును; వారికి మాత్రము తెలియదు. ఇదియే దాని సొగసు. మీలో పలువురు 1939 నాటి చలనచిత్రమును చూచియుందురు. అందులో డారతీ పాదరక్షలు కెంపులవి. పుస్తకములో అవి వెండివి. ఈ ఒక్కమాట ఓజ్ అభిమానులయెదుట పొరపాటుగ పలికితిరా, ఆ పూట భోజనమునకు ఆలస్యమగుట నిశ్చయము!

బామ్ మొత్తము పదునాలుగు ఓజ్ పుస్తకములు వ్రాసెను. మధ్యలో విసిగి, 1910లో వెలువడిన ఆరవ పుస్తకము చివర, ఓజ్ దేశము ఇక ఎవరికిని కనబడకుండ మాయచే మూసివేయబడినదనియు, అచటి వార్తలు ఇక రావనియు ప్రకటించెను. పిల్లలు ఊరకుండిరా? జాబులపై జాబులు వ్రాసిరి. తంతి లేని టెలిగ్రాఫు ద్వారా వార్తలు రప్పింపవచ్చునని ఉపాయము కూడ చెప్పిరి. ఆయన 1913లో మరల కలము పట్టెను. "నేను కథకుడను కాను, ఓజ్ ఆస్థాన చరిత్రకారుడను మాత్రమే" అన్నట్లుగ ఆ బిరుదును ధరించి కడవరకు వ్రాసెను. 1919 మే 6న మరణించెను. కడపటి పుస్తకము మరుసటి యేట వెలువడినది. పిమ్మట రూత్ ప్లమ్లీ థాంప్సన్ అను ఆమె పందొమ్మిది పుస్తకములు చేర్చినది. ఇతరులును చేయివేయగా 1963 నాటికి మొత్తము నలుబది అయినవి.

ఇక పత్రిక సంగతి. 1957లో జస్టిన్ షిల్లర్ అను పదమూడేండ్ల బాలుడు అంతర్జాతీయ ఓజ్ మాంత్రిక సంఘమును స్థాపించెను. నేను అంకె తప్పు చెప్పుట లేదు, పదమూడేండ్లే. ఓజ్ పుస్తకములు రెండు వ్రాసిన జాక్ స్నో అనువాడు అంతకుముందు యేట చనిపోయియుండెను. ఆయన వద్దనుండిన చిరునామాల పట్టికనుండి ఏరగా పదునారుగురు సభ్యులు దొరికిరి. ఆ పదునారుగురికై చేతియంత్రముపై నకళ్లు తీసిన కాగితములే బామ్ బ్యూగిల్ మొదటి సంచిక. అది క్రమముగ యేటికి మూడుసార్లు వెలువడు పత్రిక అయినది. ఆ బాలుడు పెద్దవాడై అరుదైన బాలగ్రంథముల వర్తకుడుగా పేరు పొందెను. మన వారపత్రిక కూడ చందాదారులను వ్రేళ్లపై లెక్కించుకొనుచు బ్రతుకుచున్నది గనుక, పదునారు అను అంకె చదివినప్పుడు నాకు ఆ పిల్లవానిపై బంధుప్రీతి వంటిది కలిగినది.

ఆ 1957లోనే డెట్రాయిట్ నగర గ్రంథాలయాధిపతి, ఓజ్ పుస్తకములవలన బాలురకు ఉపయోగము లేదని చెప్పి, వానిని పిల్లల గదిలో ఉంచమనెను. పండితులు ఆ పుస్తకముల వైపు చూచెడివారు కారు. మార్టిన్ గార్డ్‌నర్ వంటి ఒకరిద్దరు మాత్రము వానిని గూర్చి శ్రద్ధగా వ్రాయుచుండిరి. అట్టి దినములలో ఒక రచయిత వ్రాతలను, చిత్రములను, ఉత్తరములను, ముద్రణలను ప్రోగుచేసి భద్రపరచినది విశ్వవిద్యాలయములు కాదు. పుస్తకము చదివి పరవశించిన పిల్లలును, పెద్దలైనను ఆ పరవశము చావనివారును. బామ్‌ను గూర్చి నేడు ఎవరు వ్రాయబూనినను ఈ పత్రిక పాత సంచికలను తిరగవేయకతప్పదు. ఇంతవరకు ఆ బాకా న్యాయమైన బాకాయే.

అందులో ఏముండునందురా? ఒక వ్యాసమున 1900 నాటి మొదటి ప్రతిని గుర్తించుట యెట్లో ఉండును. పుస్తకము చివర ముద్రాపకుల ప్రకటన గీతల చట్రములో పదునొకండు పంక్తులుగ ఉన్నచో అది మొదటి ముద్రణపు తొలిప్రతి. చట్రము లేక పదుమూడు పంక్తులున్నచో తరువాతిది. ఇట్టి లెక్కలు ప్రోగై 1976లో ఒక గ్రంథమైనవి. మరియొకచోట తూర్పు పడమరల తగవు. ఓజ్ దేశములో నీలివర్ణపు మంచ్‌కిన్ జనులు తూర్పున ఉందురని మొదటి పుస్తకము చెప్పును. 1914లో ఒక పుస్తకముతో అచ్చయిన పటములో వారు పడమటి వైపునకు పోయిరి! అచ్చుపొరపాటా? దిక్కులే తారుమారయ్యెనా? ఆ మంత్రభూమిలో సూర్యుడు ఎటు ఉదయించును? దీనిపై పెద్దమనుష్యులు, న్యాయవాదులవలె ప్రమాణములు చూపుచు వాదించుకొందురు. సంఘమువారు సొంతముగ పటమును వేయించి మంచ్‌కిన్లను తూర్పునకు చేర్చిరి. నవ్వవచ్చును. కాని నేను నవ్వను. మా ఇంట చందమామ సంచికలను సంవత్సరము వారీగ కుట్టించి, బేతాళుడు మొదట ఏ నెలలో చెట్టు దిగెనని మా అన్నదమ్ములము ఒక వేసవి అంతయు తగవులాడితిమి. 1947 జూలైలో పుట్టిన ఆ పత్రిక నేడు రాదు. బడిలో వేరు లిపి నేర్చుకొనిన మాకు తెలుగక్షరము వ్రేలికి అంటినది మాత్రము ఆ తగవులలోనే.

ఇప్పుడు నన్ను బాధించిన సంగతికి వత్తును. దీనిని దాటవేసి వెళ్లినచో నేనును బాకా ఊదినవాడనగుదును.

బామ్ డకోటాలో వారపత్రిక నడిపెనని చెప్పితిని. 1890 డిసెంబరు 15న లకోటా జాతి నాయకుడు సిట్టింగ్ బుల్ చంపబడెను. అదే నెల 29న ఊండెడ్ నీ అనుచోట అమెరికా సైనికులు ఆ జాతి స్త్రీలను, శిశువులను కూడ వందలుగ కాల్చిచంపిరి. ఈ రెండు సందర్భములలోను బామ్ తన పత్రికలో సంపాదకీయములు వ్రాసి, మిగిలిన ఆదివాసులను పూర్తిగ నిర్మూలింపవలెనని సలహా యిచ్చెను. అవి ఆయన వ్రాతలే, సందేహము లేదు. హృదయము కొరకు వెదకు తగరపు మనిషిని సృష్టించిన చేతిలోని కలమే, పది సంవత్సరముల ముందు, ఆ మాటలు వ్రాసెను. ఆయన అత్తగారు మటిల్డా జాస్లిన్ గేజ్ స్త్రీల హక్కులకై పోరాడిన విదుషి. ఆదివాసుల పరిపాలనా పద్ధతిని కొనియాడిన మనిషి. కథలు వ్రాయుమని అల్లుని ప్రోత్సహించినదియు ఆమెయే. ఇంటిలో అట్టి దీపముండియు ఆయనకు ఆ చీకటి కనబడలేదు.

అభిమానులలో కొందరు, అవి వ్యంగ్యముగ వ్రాసినవని సమర్థించిరి. ఆ సమాధానము నాకు రుచింపలేదు. చట్రములోని పంక్తులు పదునొకండా, పదుమూడా యని లెక్కించు కండ్లు ఈ పంక్తులను కూడ లెక్కింపవలెను గదా. 2006లో బామ్ వంశీయులు సియూ జనులకు క్షమాపణ చెప్పుకొనిరి. నూటపదునైదు ఏండ్లు గడచినను చెప్పుకొనిరి.

అట్లైన ఆ పుస్తకములను పిల్లలకు ఇయ్యవచ్చునా? మా మనుమరాలు ఈ ప్రశ్నయే నన్ను అడిగినది, పుస్తకము సగములో నుండగా. "తాతయ్యా, సింహమునకు ధైర్యము దొరకువరకు చదివి ఆపివేయుదునా?" అని. ఆపవద్దంటిని. ఊండెడ్ నీ కథ కూడ ఆ రాత్రియే చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. మరునాడు పుస్తకము పూర్తిచేసినది. నేను చేసినది సరియేమో కాదేమో, ఇచట తల్లులున్నారు, సభానంతరము నాతో వాదింపవచ్చును.

సంచికలు రెండును పఠనమందిరపు బల్లపై ఉంచితిని. పటము గోడకు తగిలించితిమి. బాలబాలికలారా, మంచ్‌కిన్ దేశము ఏ వైపున ఉన్నదో మీరే చూచి చెప్పుడు. తడిచేతులతో మాత్రము పటమును ముట్టవలదు, మా మేనల్లుడు దానిని తిరిగి పంపవలెనని వ్రాసినాడు.