కౌమారానికి ఒక వైద్యుడు కావాలి

ఈ వైద్య సదస్సు వేదిక నుంచి ఒకే ఒక్క ప్రతిపాదన చేయదలిచాను. పదేళ్ళ నుంచి పంతొమ్మిదేళ్ళ దాకా ఉన్నవారి వైద్యాన్ని మనం ఒక ప్రత్యేక విభాగంగా గుర్తించి, దానికి నిపుణులను తయారు చేసుకోవాలి. ఆ నిపుణుల ప్రధాన కర్తవ్యం తామే అందరినీ చూడటం కాదు, మిగిలిన వైద్యులకు ఈ విద్య నేర్పడం.

2011 జనగణన నాటికే మన దేశంలో ఈ వయసువారు 25 కోట్లకు పైగా ఉన్నారు. అంటే ఐదుగురిలో ఒకరు. జబ్బులు అంతగా రాని వయసని సమాజం నమ్ముతుంది, వైద్యులమైన మనమూ నమ్ముతున్నాం. లెక్కలు అలా చెప్పడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి, మగపిల్లల్లో 31.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్ళు నిండకముందే పెళ్ళయింది. అక్కడే 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో 12.6 శాతం మంది సర్వే నాటికే తల్లులో గర్భవతులో అయ్యారు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో ఒక్క ఏడాదే 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. మానసిక రుగ్మతల్లో సగం పద్దెనిమిదేళ్ళలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెద్దల ఓపీలో మనం చూసే పొగాకు వ్యసనం, స్థూలకాయం, దిగులు జబ్బులలో చాలావాటికి వేళ్ళు ఈ వయసులోనే పడతాయి.

దీనికి వేరే శిక్షణ ఎందుకు కావాలో ఒక ఉదాహరణతో చూద్దాం. టైప్-1 మధుమేహం ఉన్న పదహారేళ్ళ అమ్మాయికి చక్కెర అదుపు తప్పిందనుకోండి. ఈడు వచ్చే దశలో గ్రోత్ హార్మోన్ పెరిగి ఇన్సులిన్ పనితనాన్ని తగ్గిస్తుంది. తిండి మారకపోయినా పాత మోతాదు చాలదు. ఇది శరీరధర్మం. దానికి తోడు హాస్టల్లో తోటిపిల్లల ఎదుట సూది వేసుకోవడానికి బిడియం ఉండవచ్చు, లావైపోతానన్న భయంతో ఇన్సులిన్ మానేస్తూ ఉండవచ్చు. మోతాదు మాత్రమే సరిచేసే వైద్యుడు సగం జబ్బునే చూస్తాడు. మందలించే వైద్యుడికి మిగిలిన సగం ఎప్పటికీ తెలియదు. రక్తహీనత సంగతీ అంతే. ఐరన్ మాత్రలు రాసేముందు నెలసరిలో ఎంత రక్తం పోతోందని అడిగితేనే వాన్ విల్లిబ్రాండ్ వంటి పుట్టుకతో వచ్చే రక్తస్రావ దోషం బయటపడుతుంది. ఇలాంటి విషయాలు రాబట్టడానికి ఇల్లు, చదువు, ఆటపాటలతో మొదలుపెట్టి మత్తు పదార్థాలు, లైంగిక విషయాలు, చనిపోవాలన్న ఆలోచనల దాకా తేలిక ప్రశ్నల నుంచి కష్టమైన ప్రశ్నలకు వెళ్ళే పద్ధతి ఒకటి ఉంది. చదివినంత మాత్రాన అది అబ్బదు. తెలిసినవారి పక్కన కూర్చుని, పదేపదే చేసి నేర్చుకోవాలి.

ఈ అవసరాన్ని మొదట గుర్తించినవారిలో జె. రోజ్‌వెల్ గాలగర్ ఒకరు. పాఠశాల వైద్యుడిగా పనిచేసిన ఆయన 1951లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో కౌమార వైద్య విభాగాన్ని నెలకొల్పాడు. 1968లో అమెరికాలో ఈ వైద్యులకు ఒక సంఘం ఏర్పడింది. 1994లో ఈ శాఖకు తొలి నైపుణ్య పరీక్ష జరిగింది. పిల్లల వైద్యం పూర్తి చేసినవారికి అక్కడ ఇది మరో మూడేళ్ళ చదువు. మన దేశంలో ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఈ రంగంలో ఎంతో శ్రమించింది. 2014 జనవరిలో కేంద్రం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమాన్ని ప్రారంభించి ఆసుపత్రుల్లో కౌమార క్లినిక్కులను, కౌన్సెలర్లను ఏర్పాటు చేసింది. అయితే ఆ కౌన్సెలర్ తనకు అంతుపట్టని కేసును ఎవరి దగ్గరకు పంపాలి? ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల వైద్యులను మన కళాశాలలు ఇంకా తయారు చేయడం లేదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకే వైద్యులు చాలని చోట ఇంకో స్పెషాలిటీ ఎందుకని కొందరు పెద్దలు అడుగుతున్నారు. ఆ ఆవేదన న్యాయమైనది. వైద్యులు కొద్దిమందే ఉన్నారు కనుకనే, ఆ కొద్దిమందికీ ఈ విద్య నేర్పే గురువులు కావాలంటున్నాను. ఒక్కో బోధనాసుపత్రికి ఇద్దరు నిపుణులుంటే ఏటా బయటికి వచ్చే వందల మంది ఎంబీబీఎస్‌లకు ఆ శిక్షణ అందుతుంది. పిల్లల వైద్యులు ఈ పని చూస్తూనే ఉన్నారుగదా అన్నది రెండో మాట. అయితే చాలా ఆసుపత్రుల్లో పిల్లల వార్డు పన్నెండు, పద్నాలుగేళ్ళకే ఆగిపోతుంది. తలసీమియా, సికిల్ సెల్ ఉన్న బిడ్డ పెద్దల వార్డుకు మారే వేళ ఆ చేతి నుంచి ఈ చేతికి అందించేవారు లేక చికిత్స తెగిపోయే ప్రమాదం ఉంది.

మూడో అభ్యంతరం లోతైనది. కన్నవారిని బయట కూర్చోబెట్టి బిడ్డతో ఏకాంతంగా మాట్లాడటం మన కుటుంబాలకు పొసగదంటారు. ఆ పది నిమిషాలు తల్లిదండ్రుల హక్కును తీసేయడానికి కాదు. పద్దెనిమిదేళ్ళలోపు చికిత్సకు అనుమతి వారిదే. ఇంట్లో చెప్పలేని మాటను ఇంట్లో చెప్పగలిగేలా చేయడమే మంచి వైద్యుడి లక్ష్యం. ఇక్కడ చట్టం తెలియడం కూడా వైద్యంలో భాగమే. 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి. మైనర్ గర్భస్రావం విషయంలో బాలిక, సంరక్షకులు కోరితే ఆమె పేరు, గుర్తింపు వివరాలు వెల్లడించనక్కరలేదని సుప్రీంకోర్టు 2022లో తీర్పు ఇచ్చింది. ఏది గోప్యంగా ఉంచగలమో, ఏది ఉంచలేమో మొదటే బిడ్డకు చెప్పడం వైద్యుడి ధర్మం. ఇది తెలియని వైద్యుడు భయంతో వెనక్కి పంపిస్తాడు, లేదా నిలుపుకోలేని మాట ఇస్తాడు. రెండూ ఆ బిడ్డకు అన్యాయమే.

కనుక చేయవలసినవి నాలుగు. ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో ఉన్న కౌమార ఆరోగ్య పాఠాలను ప్రాక్టికల్ పరీక్షలోకి తేవాలి. పరీక్షలో అడగనిది విద్యార్థి నేర్వడు. పిల్లల వైద్యం, జనరల్ మెడిసిన్, గైనకాలజీ, సైకియాట్రీ పీజీలందరికీ కౌమార క్లినిక్కులో ఒక నెల పని తప్పనిసరి చేయాలి. పీజీల మూడు నెలల జిల్లా రెసిడెన్సీలో హాస్టళ్ళు, జూనియర్ కళాశాలల సందర్శన చేర్చాలి. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏడాది ఫెలోషిప్పుతో మొదలుపెట్టి, అధ్యాపకులు తయారయ్యాక పూర్తిస్థాయి డీఎంకు పునాది వేయాలి. వీటిలో మొదటి రెండింటికి కొత్త భవనాలు, కొత్త యంత్రాలు అవసరం లేదు. సభలోని విభాగాధిపతులకు నా విజ్ఞప్తి ఇది: మీ ఆసుపత్రిలో వారానికి ఒక మధ్యాహ్నం, తలుపు మూసుకునే ఒక గదిని ఈ పిల్లల కోసం కేటాయించండి. మీ పీజీలను అక్కడ కూర్చోబెట్టండి. వచ్చే సదస్సు నాటికి ఆ క్లినిక్కుల అనుభవాలే మన చర్చనీయాంశం కావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.