అమ్మానాన్నలకి తోడుగా కుక్కపిల్లని ఇద్దామనుకుంటున్నారా? ముందు ఇది చూడండి

ఈ రోజు ఎపిసోడ్ మన రాయికోడ్ లాంటి ఊళ్లలో పుట్టి, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో జాబ్ చేస్తున్నవాళ్ల కోసం. ఊర్లో అమ్మానాన్న ఇద్దరే ఉంటారు. రాత్రి తొమ్మిదైతే గల్లీ అంతా సప్పుడు ఉండదు. మనకేమో ఇక్కడ టెన్షన్. అప్పుడు వచ్చే ఐడియా ఒకటే. "ఒక మంచి కుక్కపిల్లని తీసుకెళ్లి ఇచ్చేద్దాం. కాపలాకి కాపలా, తోడుకి తోడు."

ఐడియా మంచిదే. కానీ ఒక మాట ముందే చెప్పేస్తా. కాపలా కోసమని గొలుసు వేసి పడేసిన కుక్క కాపలా కూడా సరిగ్గా కాయదు. తోడుగా పెంచిన కుక్కే కాపలా కాస్తుంది. ఎందుకో చెప్తా.

అసలు కుక్క చేసే సెక్యూరిటీ ఏంటి? దొంగని పట్టుకుని కరవడం అనుకుంటాం. అది సినిమా. కుక్క అసలు పని ముందే చెప్పడం. మన చెవికి దాదాపు 20,000 హెర్ట్జ్ వరకే వినిపిస్తుంది. కుక్కకి 45,000 దాకా వినిపిస్తుంది. గోడ దూకకముందే, గేటు ముట్టుకోకముందే దానికి తెలిసిపోతుంది. సీసీ కెమెరా జరిగింది రికార్డు చేస్తుంది, కుక్క జరగబోయేది చెప్తుంది. దొంగకి కావాల్సింది చీకటి, నిశ్శబ్దం. మొరుగుడుతో ఆ నిశ్శబ్దం పోతుంది. లైట్ వెలుగుతుంది, పక్కింటాయన లేస్తాడు. పని అయిపోయినట్టే. కరవాల్సిన అవసరమే లేదు.

మరి కట్టేస్తే ఏమవుతుంది? నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు సర్వర్‌కి అలర్ట్‌లు పెట్టేవాళ్లం. ప్రతి చిన్నదానికీ అలర్ట్ మోగితే ఏం చేస్తాం? మ్యూట్ చేస్తాం. ఆ తర్వాత నిజమైన అలర్ట్ వచ్చినా ఎవడూ చూడడు. కట్టేసిన కుక్క కూడా అంతే. పొద్దంతా ఒక్క గుంజ దగ్గర ఉంటే దానికి వేరే పని లేదు. మేకకి మొరుగుతుంది, బండికి మొరుగుతుంది, పాలాయనకి మొరుగుతుంది. నెల రోజుల్లో ఇంట్లోవాళ్లు పట్టించుకోవడం మానేస్తారు. అసలు దొంగ వచ్చిన రాత్రి కూడా "అది ఎప్పుడూ అంతేలే" అని పడుకుంటారు. ఇంట్లో మనుషుల మధ్య తిరిగే కుక్కకి ఎవరు మనవాళ్లు, ఎవరు కొత్తవాళ్లు అని తెలుస్తుంది. దాని మొరుగుడులో తేడా అమ్మకి అర్థమవుతుంది.

ఇంకోటి, ఎప్పుడూ కట్టేసి ఉంచడం చట్టప్రకారం కూడా తప్పే. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ చదవండి. పొట్టి గొలుసుతో ఎక్కువసేపు కట్టేయడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని కాస్తయినా తిప్పకపోవడం, రెండూ అందులో ఉన్నాయి.

ఇప్పుడు సీరియస్ విషయం. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఫుడ్ డెలివరీకి వెళ్లిన 23 ఏళ్ల కుర్రాడి మీదికి ఆ ఇంటి పెంపుడు కుక్క వచ్చింది. భయంతో మూడో అంతస్తు నుంచి దూకాడు. బతకలేదు. వచ్చినవాడు దొంగ కాదు, అన్నం తెచ్చినవాడు. మన ఊర్లో కూడా ఇంటికి ఎవరొస్తారు? ఆశా వర్కర్ వస్తుంది, కరెంటు బిల్లు కొట్టేవాళ్లు వస్తారు, పక్కింటి పిల్లలు బాల్ కోసం వస్తారు. వీళ్ల మీద పడే కుక్క సెక్యూరిటీ కాదు బ్రో, ప్రమాదం. భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ ప్రకారం, మన జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

దీనికి మందు చిన్నప్పుడే ఉంది. కుక్కపిల్లకి మూడో వారం నుంచి దాదాపు 12–14 వారాల దాకా లోకాన్ని నేర్చుకునే టైమ్. ఆ టైమ్‌లో పిల్లలు, ముసలివాళ్లు, హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు, ట్రాక్టర్ సౌండు, అన్నీ మెల్లమెల్లగా పరిచయం చేయాలి. "కొత్తవాళ్లని చూడనిస్తే కాపలా కాయదు" అంటారు. ఉల్టా. ఎవరినీ చూడకుండా పెరిగిన కుక్క భయంతో కరుస్తుంది. భయపడే కుక్కకి దొంగైనా ఒకటే, మేనత్తైనా ఒకటే.

ఇక ఏ జాతి? రీల్స్ చూసి హస్కీ కావాలంటారు. అది మంచుదేశాల్లో బండి లాగే కుక్క. మే నెలలో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల ఇల్లయితే ఇంకా ఎక్కువ. పాపం దాన్ని ఎందుకు చంపడం? జర్మన్ షెపర్డ్ తెలివైనదే. కానీ మగది 30 నుంచి 40 కిలోలు ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మ చేతిలో తాడు ఉన్నప్పుడు అది పిల్లిని చూసి ఒక్క గుంజు గుంజితే? ఆలోచించండి. పక్క రాష్ట్రం కర్ణాటకలో, బాగల్‌కోట్ జిల్లా ముధోళ్ కుక్కలు చాలా ఫేమస్. 2020 ఆగస్టు మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా వాటి గురించి మాట్లాడారు. కానీ అది పరిగెత్తి వేటాడే కుక్క. రోజూ ఉరికించేవాళ్లు ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

నన్నడిగితే మన ఊరకుక్క పిల్లే బెస్ట్. పొట్టి బొచ్చు, మన ఎండకి అలవాటు, మీడియం సైజు, పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. రెండు నెలలు తల్లి దగ్గర ఉన్నాక తెచ్చుకోండి. పిల్లలు వద్దనుకుంటే టైమ్‌కి ఆపరేషన్ చేయించండి.

తిండి విషయంలో ఒకటి గుర్తు పెట్టుకోండి. మిగిలిన కూర కలిపి అన్నం పెడతారు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ద్రాక్ష, చాక్లెట్ కుక్కకి విషం లాంటివి. ఉడికిన కోడి బొక్కలు లోపల గుచ్చుకుంటాయి. ఉప్పు, కారం లేని అన్నం, ఉడికిన గుడ్డు, కాస్త పెరుగు పెట్టండి. నీళ్లు ఎప్పుడూ ఉండాలి. చెవుల్లో, కాలివేళ్ల మధ్య గోమార్లు ఉన్నాయేమో వారానికోసారి చూడండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యం, రేబిస్. లక్షణాలు మొదలయ్యాక ఈ రోగం వచ్చినవాళ్లు బతకడం దాదాపు అసాధ్యం. కానీ టీకాతో పూర్తిగా ఆపొచ్చు. కుక్కపిల్లకి మూడు నెలలకి మొదటి టీకా, తర్వాత బూస్టర్, ఆ తర్వాత పశువుల డాక్టర్ చెప్పినట్టు ప్రతి ఏడాదీ. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, ఇది అమ్మ పని కాదు, మీ పని.

ఏ కుక్క కరిచినా, గీరినా, పుండు మీద నాకినా వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు ఏదీ పూయొద్దు. పసరు మందు వద్దు. నేరుగా సర్కారు దవాఖానకి వెళ్లాలి. మొదటి ఇంజెక్షన్ అదే రోజు, ఆ తర్వాత డాక్టర్ రాసిన తేదీల్లో అన్నీ. రెండు వేయించుకుని "బాగానే ఉన్నా కదా" అని ఆపేయొద్దు.

ఇక తోడు సంగతి. 2015లో జపాన్ శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వేశారు. కుక్క, దాన్ని పెంచినవాళ్లు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని తేల్చారు. తల్లీబిడ్డల బంధంలో పనిచేసే హార్మోన్ అది. సో, నాయిన అరుగు మీద కూర్చుని కుక్కతో మాట్లాడుకుంటున్నాడంటే నవ్వకండి. అక్కడ నిజంగానే ఏదో జరుగుతోంది.

కానీ కొనేముందు, తెచ్చేముందు ఒక్క ఫోన్ కాల్ చేయండి. సర్‌ప్రైజ్ ఇవ్వొద్దు. "అమ్మా, నీకు కావాలా?" అని అడగండి. కుక్క 10 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. పెళ్లికి మూడు రోజులు వెళ్తే అన్నం ఎవరు పెడతారు? జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు? నెలనెలా ఖర్చు ఎవరిది? వీటికి జవాబు ఉంటేనే తీసుకురండి. అమ్మ వద్దంటే వద్దు. ఒక మంచి తాళం, వాకిట్లో లైటు, పక్కింటివాళ్ల నంబర్ చాలు.

ఇంకోటి కూడా చెప్పాలి. కుక్క మనం లేని లోటు కొంచెం పూడుస్తుంది, మొత్తం కాదు. అది మొరిగితే అమ్మ లేస్తుంది. మనం ఫోన్ చేస్తే అమ్మ హాయిగా పడుకుంటుంది. రెండూ కావాలి.

సరే ఫ్రెండ్స్, ఊర్లో అమ్మానాన్న ఉన్న మీ దోస్తులకి ఈ వీడియో పంపండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి, బై.