చెయ్యి అప్పిచ్చినోళ్ళు: ఐకిడో కదలిక, జత సాధన

కల్లూరు నుంచి మాట్లాడుతున్నా. బయట ఎండ దంచుతోంది, ఫ్యాన్ శబ్దం కొంచెం వినిపిస్తే సర్దుకోండి.

ఈ రోజు ఐకిడో గురించి. నన్ను దీని మీద ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, రీల్స్‌లో చూస్తే ఒక పెద్దాయన చెయ్యి ఇట్లా తిప్పుతాడు, అవతలోడు గాల్లో గిరికీ కొట్టి పడతాడు. ఇది నిజమా, నాటకమా?" మంచి ప్రశ్న. జవాబు చివర్లో చెప్తా. లోపల ఏం జరుగుతుందో తెలియకపోతే ఆ జవాబు అర్థం కాదు, అందుకని.

ముందు రెండు ముక్కలు చరిత్ర. ఐకిడోను తయారుచేసిన ఆయన పేరు ఉయెషిబా మోరిహేయి. 1883లో జపాన్‌లోని తనాబె అనే ఊళ్ళో పుట్టారు. మనిషి పొట్టి, ఐదడుగుల రెండంగుళాలకు కొంచెం అటు ఇటు. 1915లో హొక్కాయిదో దీవిలో తకెద సోకాకు అనే గురువును కలిసి, దాయితో ర్యూ అనే జుజుత్సు నేర్చుకున్నారు. కత్తి, ఈటె, కర్ర కూడా సాధన చేశారు. దాన్నంతా ఏళ్ళ తరబడి తనదైన పద్ధతిలోకి మార్చుకుంటూ వచ్చారు. ఐకిడో అనే పేరు 1942లో స్థిరపడింది. 1969లో కన్నుమూశారు. "ఐ" అంటే కలవడం, "కి" అంటే ప్రాణశక్తి, "డో" అంటే దారి.

ఇప్పుడు అసలు విషయం. ఐకిడోలో పట్లు చాలా ఉన్నాయి. ఇక్యో, షిహోనాగె, కోతెగాయెషి, ఇరిమినాగె... పేర్లు విని భయపడొద్దు. వీటన్నిటి కింద నడిచేది ఒక నాలుగైదు సూత్రాలే. అవి పడితే పేర్లు వాటంతట అవే వస్తాయి. అవి పడకుండా వంద పట్లు బట్టీ కొట్టినా లాభం లేదు.

మొదటిది, గీత తప్పుకోవడం. ఎవరైనా మీ మీదికి వస్తే ఆయన నడుము నుంచి మీ నడుముకు ఒక గీత ఊహించుకోండి. ఆయన బలమంతా ఆ గీత మీదే వస్తుంది. మనం చేసే మొదటి తప్పు, అదే గీత మీద నిలబడి ఎదురు తోయడం. మన పక్క ఊళ్ళలో బండలాగుడు పోటీలు చూసి ఉంటారు కదా? ఎద్దులు నేరుగా ముందుకే లాగుతాయి. అక్కడ గెలిచేది బలం. మీకంటే బలమైనోడు ఎదురొస్తే ఆ లెక్కన మీరు ఓడిపోయినట్టే.

ఐకిడో రెండు దారులు చూపిస్తుంది. ఒకటి ఇరిమి. అంటే ఆయన వచ్చేటప్పుడే ఏటవాలుగా ముందుకెళ్ళి ఆయన పక్కకు చేరడం. రెండోది తెంకన్. అంటే ఒక కాలి మీద తిరిగి, రెండో కాలు వెనక్కి తిప్పి, ఆయన చూసే వైపే మీరూ చూస్తూ నిలబడడం. హంద్రీలో నీళ్ళు పారేటప్పుడు దాటే మనిషిని గుర్తు తెచ్చుకోండి. ప్రవాహానికి ఎదురు రొమ్ము ఇచ్చి నిలబడడు, ఏటవాలుగా దాటుకుంటాడు.

మన సీమోళ్ళకు చిక్కు వచ్చేది ఇక్కడే. సినిమాలోళ్ళు మనల్ని ఎట్లా చూపిస్తారో తెలుసు కదా, సుమోలు, తొడ కొట్టడం, ఎదురెదురుగా నిలబడి కళ్ళలోకి చూడడం. అది సినిమా అని మనకు తెలుసు. కానీ నిజం చెప్పండి, పక్కకు జరగడం అంటే మనకు పరువు పోయినట్టే అనిపిస్తుంది, అవునా? నాకూ అట్లాగే ఉండేది. తెంకన్ మొదటిసారి చూపించినప్పుడు "ఇదేంది, వెనక్కి తగ్గమంటాడు" అనుకున్నా. తర్వాత అర్థమైంది. తగ్గినోడు దూరమైపోతాడు. తెంకన్‌లో మీరు ఆయన భుజం పక్కకు, ఇంకా దగ్గరికి వస్తారు. ఇద్దరూ ఒకే వైపు చూస్తుంటారు. గొడవపడే ఇద్దరు ఎప్పుడైనా ఒకే వైపు చూస్తూ నిలబడడం మీరు చూశారా?

రెండోది దూరం. జపనీస్‌లో మాఆయి అంటారు. ఆయన మిమ్మల్ని ముట్టాలంటే ఒక అడుగు వేయాల్సినంత దూరం. అంతకంటే దగ్గరుంటే మీకు చూసే టైమ్ ఉండదు. మరీ దూరమైతే ఏ కదలికా కుదరదు. కబడ్డీ ఆడినోళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. కూతకొచ్చినోడు ఎంత దూరంలో ఉంటే కాలు పట్టొచ్చో మీ ఒంటికే తెలుసు.

మూడోది, కలిసి ఉండడం. ఇది చెప్పడానికి చిన్నది, చేయడానికి పెద్దది. ట్రాక్టర్‌కు మోకు కట్టి ఆగిపోయిన బండిని లాగుతారు కదా. మోకు వదులుగా ఉన్నప్పుడు ఒక్కసారి గుంజితే ఏమవుతుంది? జర్క్ వచ్చి మోకు తెగుతుంది, లేకపోతే బంపర్ ఊడుతుంది. తెలిసిన డ్రైవర్ ముందు నిదానంగా వదులు తీస్తాడు, మోకు బిగిసినాక లాగుతాడు. మనిషి చెయ్యి కూడా అంతే. మీ మణికట్టు ఎవరైనా పట్టుకుంటే దాన్ని గుంజొద్దు. ఆయన చెయ్యి, మోచెయ్యి, భుజం, నడుము, వీటి మధ్య ఉన్న వదులు నిదానంగా తీయండి. అప్పుడు మీరు వేలెడంత కదిలినా ఆయన నడుముకు తెలుస్తుంది.

నాలుగోది బ్యాలెన్స్ తప్పించడం, కుజుషి. ఫోన్ పెట్టుకునే ట్రైపాడ్‌కు మూడు కాళ్ళుంటాయి. మనిషికి రెండే. ఆ మూడో కాలు లేని చోటే మన బలహీనత. ఇంట్లోనే చూడొచ్చు. మీ ఫ్రెండ్‌ను కాళ్ళు భుజాల వెడల్పున పెట్టి నిలబడమనండి. పక్క నుంచి భుజాన్ని మెల్లగా తోయండి, గట్టిగానే ఉంటాడు. ఇప్పుడు ఎదురుగా వచ్చి ఛాతీ మధ్య రెండు వేళ్ళతో నిదానంగా నొక్కండి. బరువు మడమల మీదికి పోతుంది, కాలివేళ్ళు లేస్తాయి. అదే మనిషి, అదే బలం. దిక్కు మారింది, అంతే. వెనక గోడ, మంచం కోడు లాంటివి లేకుండా చూసుకుని చేయండి.

ఐదోది, కదలిక నడుము నుంచి రావడం. చేతులు బొడ్డుకు ఎదురుగానే ఉండాలి, తిరిగేది నడుము. మన అవ్వల కాలం తిరగలి గుర్తుందా? మధ్యలో ఉన్న చిన్న మేకు కదలదు, దాని చుట్టూ పెద్ద రాయి తిరుగుతుంది. షిహోనాగె పట్టు చూస్తే చెయ్యి పైకెత్తి తిరిగి కిందికి దించడమే కనిపిస్తుంది. నిజానికి అది కత్తి ఎత్తి నరికే కదలిక. కత్తిని భుజాలతో మాత్రమే తిప్పితే ఒక నిమిషంలో అలసిపోతారు, నడుముతో తిప్పితే అంత త్వరగా అలసిపోరు. కర్రసాము నేర్చుకున్నోళ్ళు ఎవరైనా చూస్తుంటే ఇది వెంటనే పట్టేస్తారు.

ఇంతవరకు చెప్పిందంతా సగమే. మిగతా సగం పడేవాళ్ళది.

ఐకిడోలో ఒకరు పట్టు వేస్తారు, ఆయన్ని నాగె అంటారు. ఇంకొకరు దాడి చేసి పడతారు, ఆయన ఉకె. మామూలుగా ఒకరు నాలుగుసార్లు చేస్తే, రెండు కుడి వైపు, రెండు ఎడమ వైపు, తర్వాత పాత్రలు మారతాయి. ఎంత సీనియర్ అయినా పడాల్సిందే. పడడాన్ని ఉకెమి అంటారు. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, ఒక భుజం నుంచి ఎదురు తుంటి వైపు ఏటవాలుగా దొర్లడం. తల నేలకు తగలకూడదు, మోచెయ్యి నిటారుగా పెట్టి ఆపుకోకూడదు. మొదటి కొన్ని నెలలు ఇదే ఎక్కువ చేయిస్తారు. చాలామంది ఇక్కడే బోర్ కొట్టి మానేస్తారు.

ఇప్పుడు నా కథ ఒకటి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

నేను ఉద్యోగానికి బెంగళూరు పోయినప్పుడు అక్కడ నేర్చుకోవడం మొదలుపెట్టా. ఊళ్ళో కబడ్డీ ఆడిన ఒళ్ళు, ఆరు నెలలకే నాకు అంతా వచ్చేసిందన్న పొగరు. ఒక రోజు కోతెగాయెషి. అంటే మణికట్టును బయటికి మడిచి పడేయడం. నాకు జతగా వచ్చింది ఒక అక్క, నాకంటే చాలా సన్నగా ఉంటుంది. నాలుగోసారి పక్కన కొత్తగా వచ్చినోళ్ళు చూస్తున్నారు. నడుము తిప్పడం మర్చిపోయి, చేతి బలంతో గబుక్కున మడిచా. ఆమె మ్యాట్ మీద చెయ్యి కొట్టింది. అట్లా కొడితే ఆపేయాలని అర్థం. నేను ఆపా. కానీ అర సెకను లేటు.

ఆ అర సెకనుకు ఆమె మూడు వారాలు స్కూటీ నడపలేకపోయింది. క్షమించమని అడగడానికి పోతే ఏమీ అనలేదు. ఆమె మళ్ళీ వచ్చిన రోజు నేను ఒక మూల నిలబడ్డా, జత కలవడానికి ధైర్యం లేదు. ఆమే నా దగ్గరికొచ్చి ఎదురుగా కూర్చుని నమస్కారం పెట్టింది. మంచి చెయ్యి ముందుకు చాపి, "కానీ, నిదానంగా చెయ్యి" అంది.

ఆ రోజు నాకు వణుకు పుట్టింది. ఇన్నాళ్ళూ ఆ చెయ్యి నాదే అనుకున్నా, నా టెక్నిక్ చూపించుకోవడానికి ఉన్న వస్తువు అనుకున్నా. అది అప్పు. ఆమె తన ఎముక, కీలు, రేపటి పని అన్నీ నా చేతిలో పెట్టి "నేర్చుకో" అంటోంది. తీసుకున్నది తీసుకున్నట్టు తిరిగి ఇవ్వాలి. ఐకిడోలో పట్టు ఎంత బాగా వచ్చిందో తెలుసుకోవడానికి నాకు ఇప్పటికీ ఒకటే కొలత. పడినోళ్ళు లేచి, భయం లేకుండా మళ్ళీ చెయ్యి ఇస్తున్నారా లేదా.

పడేవాళ్ళకూ ఒక బాధ్యత ఉంది. నిజాయితీగా పట్టుకోవాలి. వదులుగా పట్టుకుని, తాకకముందే పడిపోతే జతవాళ్ళను మోసం చేసినట్టు. రాబోయేది ముందే తెలుసు కాబట్టి బిగుసుకుపోయి ఆపేస్తే, అది కూడా మోసమే.

సరే, ఇప్పుడు మొదటి ప్రశ్న. నిజమా, నాటకమా? సాధనలో సగం ఒప్పందమే, దాచేదేమీ లేదు. ఐకిడోలో ఎక్కువ శాఖల్లో పోటీలు ఉండవు. తోమికి కెంజి మొదలుపెట్టిన శాఖ లాంటి వాటిలో ఉన్నాయి. మీరు రీల్ చూసేటప్పుడు పట్టు వేసేవాళ్ళ చెయ్యి చూడొద్దు, పడేవాళ్ళ పాదాలు చూడండి. ఎగరకముందే మడమ లేచిందా? నడుము పక్కకు ఒరిగిందా? మధ్యలో వీడియో ఆపి చూస్తే, ఆ మనిషి అక్కడి నుంచి మామూలుగా నిలబడగలడా? నిలబడగలిగితే అది నాటకం. నిలబడలేకపోతే బ్యాలెన్స్ నిజంగానే పోయింది, ఆ ఎగరడం తన కీలు కాపాడుకోవడానికి.

ఇంకో మాట కూడా సూటిగా చెప్తా. ఎవరైనా కత్తి తీస్తే ఐకిడో గుర్తు చేసుకోవద్దు, పరుగెత్తండి. రోడ్డు మీద నాకు ఇప్పటిదాకా పనికొచ్చింది ఒక్క ఉకెమియే. బైపాస్ పక్కన కంకరలో బండి జారింది. హెల్మెట్ ఉంది, గడ్డం దానంతటదే లోపలికి పోయింది, ఒళ్ళు దొర్లింది. మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది.

ఈ వారం మీకు పని. ఒక జతను వెతుక్కోండి, తమ్ముడో, చెల్లెలో, ఫ్రెండో. మణికట్టు పట్టుకోమనండి. మీ చేతివేళ్ళు బొడ్డుకు ఎదురుగా పెట్టుకుని, చెయ్యి గుంజకుండా, తెంకన్ తిరిగి వాళ్ళ పక్కన నిలబడండి. పదిసార్లు మీరు, పదిసార్లు వాళ్ళు. ప్రతిసారీ "గుంజినట్టు అనిపించిందా?" అని అడగండి. మణికట్టు మడిచే పట్లు, షిహోనాగె మాత్రం గురువు లేకుండా వద్దు. షిహోనాగెలో మనిషి వెనక్కి పడతాడు, తల వెనక భాగం నేలకు కొట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

పని అయినాక ఎదురుగా నిలబడి ఒక నమస్కారం పెట్టండి. నవ్వొస్తుంది, అయినా పెట్టండి. చెయ్యి అప్పిచ్చారు కదప్పా.

ఉంటాను. వచ్చే ఎపిసోడ్‌లో ఉకెమి అడుగు అడుగునా, పరుపు మీద చేసి చూపిస్తా.