రికార్డింగు పని నేర్చుకుంటామనే పిల్లలకు ఏ చదువు?

(బెల్లంపల్లిలో జరిగిన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభలో మైకుల గురించి, రికార్డింగు గురించి ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. కార్యదర్శి గారు నాకు ఈ విషయం ఇస్తూ కారణం కూడా చెప్పారు. ఈ మధ్య మన సభ్యులు ఇద్దరు ముగ్గురు ఒకే రకం కాగితం పట్టుకొని సంఘం ఆఫీసుకు వచ్చారట. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న పిల్లవాడి రంగుల బొమ్మ, దాని కింద ‘సౌండ్ ఇంజనీరింగ్, ఆరు నెలల కోర్సు, ఉద్యోగం గ్యారంటీ’ అని పెద్ద అక్షరాలు. ఫీజు లక్షల్లో ఉన్నది. ‘తాతా, నేను ఇదే చదువుత’ అని మనుమడు పట్టుబట్టాడు. బ్యాంకులో ఉన్న డిపాజిట్ తీయాలా, వద్దా? ఇదీ ప్రశ్న.

చిన్న ప్రశ్న కాదు. గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ కలిపి దాచుకున్న సొమ్ము ఒకసారి కరిగితే మళ్ళీ రాదు. 1998 నాటి బొగ్గుగని పెన్షన్ పథకం కింద వచ్చే పెన్షన్‌కు కరువు భత్యం కూడా లేదన్నది మీకు నేను చెప్పవలసిన పని లేదు. అట్లాగని ‘పాటలు, మైకులు కూడా ఒక చదువేనా’ అని పిల్లవాడి నోరు మూయించడం కూడా న్యాయం కాదు. అది చదువే. కష్టమైన చదువు.

ఎందుకు కష్టమో మీకు అర్థమైనంత సులువుగా పట్నం వాళ్ళకు అర్థం కాదు. గనిలో షిఫ్టు మొదలు కాగానే మైనింగ్ సర్దార్ ఏం చేసేవాడు? బార్‌తో రూఫ్‌ను తట్టి వినేవాడు. గట్టి రాయి అయితే ఖంగుమనేది, పొర విడిచిన రాయి అయితే బోలుగా పలికేది. ఆ రెండు శబ్దాల మధ్య తేడా మీద మనుషుల ప్రాణాలు ఉండేవి. ఆ తేడాను కాలేజీ పుస్తకం ఒక్కటే నేర్పలేదు, పుస్తకం లేకుండా ఊరికే తట్టినా రాలేదు. సర్టిఫికెట్ పరీక్షకు చదివారు, సీనియర్ వెంట తిరిగారు, వేల సార్లు తట్టి విన్నారు. రికార్డింగు పని కూడా సరిగ్గా ఇటువంటిదే. కొంత భౌతిక శాస్త్రం, కొంత చెవి, కొంత గురువు. ఈ మూడింటిలో ఒక్కటి లేకున్నా పని సాగదు. ఆరు నెలల కాగితం ఈ మూడింటిలో ఏది ఇస్తుందన్నది మొదట అడగవలసిన మాట.

అసలు ‘సౌండ్ ఇంజనీర్’ అనే ఒక్క ఉద్యోగం లేదు. అదొక బజారు, అందులో చాలా దుకాణాలు ఉన్నాయి. పాటల స్టూడియోలో గొంతును, వాయిద్యాలను రికార్డు చేసేవారు వేరు, ఆ ట్రాకులన్నీ కలిపి మిక్సింగ్ చేసేవారు వేరు. సినిమాలో షూటింగు జాగాలోనే మాటలు పట్టేవారు ఒకరు, డబ్బింగ్ థియేటర్లో పట్టేవారు ఇంకొకరు. అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు, గాజుల చప్పుడు తయారు చేసేవారు ఉన్నారు. సభలకు, పెళ్ళిళ్ళకు, కచేరీలకు సౌండ్ పెట్టేవారు ఉన్నారు. రేడియో, టీవీ ఉన్నాయి. ఇప్పుడు జానపద పాటల వీడియోల పుణ్యమా అని కరీంనగర్, మంచిర్యాల వంటి ఊళ్ళల్లో కూడా చిన్న చిన్న రికార్డింగు గదులు వెలిశాయి. పాటల స్టూడియోకు పనికొచ్చే శిక్షణ సభకు సౌండ్ పెట్టేవాడికి సగమే పనికొస్తుంది. పిల్లవాడికి ఏ దుకాణం కావాలో తెలియకుండా కాలేజీ వెతకడం అంటే ఊరు పేరు తెలియకుండా బస్సు ఎక్కడమే.

ఇక చదువు సంగతి. నేను గట్టిగా చెప్పేది ఒకటే: ఇంటర్మీడియెట్‌లో ఫిజిక్స్ వదలనీయకండి. ‘పాటల పనికి లెక్కలెందుకు’ అని పిల్లలు తేలిక గ్రూపులోకి పోతారు. తర్వాత మంచి తలుపులన్నీ మూసుకుంటాయి. పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ 1960లో మొదలైంది, పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో ఉన్నది. కలకత్తాలో సత్యజిత్ రాయ్ పేరిట ఉన్న సంస్థ 1995లో వచ్చింది. రెండూ కేంద్ర ప్రభుత్వానివి, రెండింటిలోనూ సౌండ్‌కు మూడేళ్ళ కోర్సు ఉన్నది. అక్కడ చేరడానికి ముందు ఒక డిగ్రీ పూర్తి కావాలి. సౌండ్ విభాగానికి ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్ అడుగుతూ వచ్చారు. చెన్నై తరమణిలో తమిళనాడు ప్రభుత్వం నడిపే ఎం.జి.ఆర్. ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో కూడా ఆడియోగ్రఫీ నేర్పుతారు. ఈ చోట్ల సీట్లు చాలా కొద్ది. రాత పరీక్ష, ఆ మీదట ఇంటర్వ్యూ ఉంటాయి. నియమాలు మారుతుంటాయి కనుక ఏ సంవత్సరం ప్రకటన ఆ సంవత్సరమే చూసుకోవాలి. ఫీజు అక్కడా పెరుగుతూనే వచ్చింది. అయినా అక్కడ మూడేళ్ళపాటు యంత్రాల మీద చేయి ఆడుతుంది, డైరెక్షన్, కెమెరా చదివే తోటి విద్యార్థుల సినిమాలకు పని చేయవలసి వస్తుంది. రేపు పని ఇచ్చేది ఆ తోటివారే. దీని విలువ ఫీజు రసీదులో కనిపించదు.

రసూల్ పూకుట్టి గారి పేరు పేపర్లో చదివే ఉంటారు. కేరళలోని పల్లెటూరి మనిషి. తండ్రి ప్రైవేటు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే చిన్న ఉద్యోగి. ఆయన ఫిజిక్స్‌లో బీఎస్సీ చేసి, పుణె సంస్థలో సౌండ్ చదివి 1995లో బయటికి వచ్చారు. 2009లో స్లమ్‌డాగ్ మిలియనీర్ సినిమాకు మరి ఇద్దరితో కలిసి ఆస్కార్ అందుకున్నారు. మధ్యలో పద్నాలుగేళ్ళు గడిచాయి, అది కూడా పిల్లలకు చెప్పాలి.

మన తెలుగువారిలో ఇంకా పాత ఉదాహరణ ఉన్నది. శంకరాభరణం తీసిన కె. విశ్వనాథ్ గారు సినిమాల్లో మొదట డైరెక్టరు కాదు. గుంటూరులో బీఎస్సీ చదివి మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో చేరారు. అక్కడ ఆ విభాగానికి పెద్ద ఎ. కృష్ణన్ గారి దగ్గర పని నేర్చుకున్నారు. డైరెక్టరుగా మొదటి సినిమా ఆత్మగౌరవం 1965లో వచ్చింది. సంగీతం చుట్టూ అన్ని సినిమాలు తీసిన మనిషి అంతకుముందు ఏళ్ళ తరబడి హెడ్‌ఫోన్ల వెనుక కూర్చున్నవాడన్నది గమనించదగ్గ విషయం. ఆ రోజుల్లో స్టూడియోయే కాలేజీ. నెల జీతం ఇచ్చి నేర్పేవారు. ఇప్పుడు ఆ పద్ధతి పోయింది, నేర్చుకునేవాడే డబ్బు కట్టాలి. ఇది మంచి మార్పని నేను అనలేను.

విదేశాల సంగతి ఒక్క మాట. జర్మనీలో డెట్‌మోల్డ్ అనే ఊళ్ళో 1949 నుంచి, ఇంగ్లండులో సర్రే విశ్వవిద్యాలయంలో 1970 నుంచి ‘టోన్‌మైస్టర్’ అనే చదువు ఉన్నది. సంగీతం, గణితం, ఫిజిక్స్ కలిపి నేర్పుతారు. సర్రేలో విద్యార్థులు ఒక ఏడాది పాటు బయట స్టూడియోల్లో పని చేసి వస్తారు. మన పిల్లల్ని అక్కడికి పంపమని కాదు నేను చెప్పేది. లోకంలో మంచి పేరున్న చోట కూడా ఒక ఏడాది ఇంకొకరి కింద పని చేయించకుండా పట్టా చేతిలో పెట్టడం లేదని చెబుతున్నాను.

పుణె, కలకత్తా సీటు అందరికీ రాదు. మరి మిగిలిన వాళ్ళ సంగతి? పదో తరగతి అయిన పిల్లలకు నాకు నచ్చిన దారి పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. పాలీసెట్ రాసి చేరవచ్చు, తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలోకి పోవచ్చు. నేను ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి బతికినవాడిని కనుక నా పక్షపాతం ఉంటే ఉండవచ్చు. కానీ ఈ డిప్లొమా చదివినవాడికి రికార్డింగులో పని దొరకకపోయినా ఇంకొక చోట అన్నం పెడుతుంది. దొరికితే మైకు ఎందుకు గుర్రుమంటున్నది, కండెన్సర్ మైకుకు 48 వోల్టులు ఎందుకు పంపాలి, కేబుల్లో ఎర్తింగ్ ఎక్కడ తెగింది అన్నది వాడికి తెలుస్తుంది. ఇంటర్ అయిన వాళ్ళు ఫిజిక్స్‌తో బీఎస్సీ చేసినా మంచిదే. రికార్డింగు పాఠాలు దాని పక్కన నడవాలి గాని దాని స్థానంలో కాదు.

ప్రైవేటు సంస్థలన్నీ మోసమని నేను అనను. హైదరాబాదులో, చెన్నైలో శ్రద్ధగా నేర్పేవారు ఉన్నారు. అయితే డబ్బు కట్టే ముందు తాతయ్యో నానమ్మో స్వయంగా పోయి చూడాలి. పిల్లవాడికి వారానికి ఎన్ని గంటలు ఒంటరిగా యంత్రం మీద కూర్చునే వీలుందో అడగండి. ఒక కన్సోల్ చుట్టూ ముప్పై మంది నిలబడి చూస్తే అది చదువు కాదు, తమాషా. పాఠం చెప్పే మనిషి పేరు ఏ సినిమాలో, ఏ పాటలో ఉన్నదో అడగండి. నిరుడు బయటికి వచ్చిన పిల్లల్లో నలుగురి ఫోన్ నంబర్లు అడగండి, గోడ మీది ఫోటోలు కాదు. పేరులో ఇంజనీరింగ్ అని ఉన్నంత మాత్రాన అది బీటెక్ కాదు, పట్టా ఎవరిస్తారో రాతలో తీసుకోండి. ఇంకొక చిట్కా: బ్యాంకుకు పోయి ఆ కోర్సుకు విద్యారుణం ఇస్తారా అని అడిగి చూడండి. రుణం తీసుకోకపోయినా సరే, కోర్సుకు గుర్తింపు ఉన్నదీ లేనిదీ బ్యాంకు వాళ్ళు మీకంటే నిక్కచ్చిగా చూస్తారు. ‘ఉద్యోగం గ్యారంటీ’ అన్నచోట ఆ మాట సంతకంతో ఇమ్మనండి. చాలావరకు అక్కడే సంభాషణ ఆగిపోతుంది.

ఆరు నెలల కోర్సులపై నా అనుమానానికి ఇంకో కారణం ఉన్నది. అక్కడ ప్రధానంగా నేర్పేది సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడున్నదనే. రొద తీసేయడం, గొంతు సవరించడం వంటి పనులు ఇప్పుడు కంప్యూటర్ తనంతట తానే చేస్తున్నది, కృత్రిమ గొంతులతో డబ్బింగ్ కూడా మొదలైంది. బటన్ల విద్యే అందరికంటే ముందు చవకైపోయేది. మైకును ఎక్కడ నిలబెట్టాలి, ఏ గది మారుమోగుతుంది, గాయని ఎప్పుడు అలసిపోయింది అన్నవి ఇప్పట్లో యంత్రానికి అప్పజెప్పేవి కావు.

కాబట్టి డిపాజిట్ ముట్టకముందు పిల్లవాడికి గాని పిల్లకు గాని ఒక ఏడాది ఇంటి దగ్గరే పని పెట్టండి. ఆడపిల్లలకు ఇది కాదని ఎవరైనా అంటే వినకండి, చెవికి ఆడా మగా లేదు. ఒక చిన్న మైకు, ఇంట్లో ఉన్న కంప్యూటరు, ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేరు చాలు. బతుకమ్మ పాట ఆరుబయట చప్పట్లతో సహా రికార్డు చేయమనండి. చప్పట్లు గొంతును మింగేస్తాయి, గాలి మైకులో బుసకొడుతుంది. వాటిని ఎట్లా తప్పించాలో కనుక్కోవడమే మొదటి పాఠం. బుగ్గ జాతరలో ఒక గంట పట్టుకొని రమ్మనండి. దీపావళికి ముందు దండారి రోజుల్లో గోండు గూడేలకు, పెద్దల అనుమతి తీసుకొని పోయి గుస్సాడీ డోళ్ళు రికార్డు చేయమనండి. లెవెల్ కొంచెం ఎక్కువ పెడితే శబ్దం పగిలిపోతుంది, తక్కువ పెడితే పర్ధానులు వాయించే కిక్రి తీగ వినిపించదు. మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయారు. అటువంటి పెద్దల గొంతులు మంచి రికార్డింగులో ఉండటం మన జిల్లాలకు అవసరమైన పని. అందులో జీతం పెద్దగా లేదని కూడా ముందే చెబుతున్నాను.

సెలవుల్లో మన ఊరి మైక్‌సెట్ ఆయన దగ్గర కేబుళ్ళు మోయనివ్వండి. అది నామోషీ కాదు. ఒకే పాటను నాలుగు గంటలు కూర్చొని సరిచేసే ఓపిక ఉందో లేదో, రాత్రి రెండింటికి సామాను సర్దే ఒళ్ళు ఉందో లేదో మీకు, వాడికి ఇద్దరికీ తెలిసిపోతుంది. ఏడాది తర్వాత చేతిలో ఐదారు రికార్డింగులు ఉంటే వాటిని ఒక సీసాలో దాచిన డబ్బు అనుకోండి. పుణెలోనైనా, ప్రైవేటు స్టూడియోలోనైనా ఇంటర్వ్యూలో మార్కుల జాబితా కంటే అవే మాట్లాడతాయి. మూడు నెలలకే విసుగొస్తే ఫీజు మిగిలినట్టే, పిల్లవాడిని ఏమీ అనకండి.

చివరగా చెవుల సంగతి. ఇక్కడ నా మాట సరిగా వినపడక ముందు వరుసకు వచ్చి కూర్చున్నవారు ఉన్నారు. డ్రిల్లింగు మిషన్లు, ఫ్యాన్లు, హాలేజీల మధ్య ముప్పై ఏళ్ళు పని చేస్తే చెవి లోపలి సన్నని కణాలు చనిపోతాయి, అవి తిరిగి పుట్టవు. మొదట పోయేది సన్నని శబ్దాలు. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు హద్దు. ప్రతి మూడు డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 94కు ఒక గంట, 100కు పదిహేను నిమిషాలు. డీజే పెట్టెల ముందు ఎంతసేపు నిలబడవచ్చో మీరే లెక్క కట్టండి. చెవులే పెట్టుబడిగా బతకబోయే పిల్లలు కోర్సులో చేరకముందే ఒకసారి ఆడియోగ్రామ్ పరీక్ష చేయించుకోవాలి, ఆ కాగితం భద్రపరచుకోవాలి, డీజే దగ్గర పని చేసేటప్పుడు చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోవాలి. తాతల చెవులు ఎట్లా పోయాయో మనుమలకు మీరు చెప్పినట్టు ఏ కాలేజీ ప్రొఫెసరూ చెప్పలేడు.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ఆ రంగుల కాగితాలు తెచ్చినవారు ఎవరైనా ఉంటే టీ తాగేటప్పుడు నా దగ్గరికి తీసుకురండి, కూర్చొని చదువుదాం.