ఉపవాసము - సమీపవాసము
(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

మన కులమున క్రైస్తవ కుటుంబములు గలవు, క్రైస్తవేతర కుటుంబములును గలవు. ఉభయులును ఒక్క పందిరి క్రింద గూర్చున్న యీ సభలో, క్రైస్తవుడు దేవునికి సమీపముగ నుండుట యెట్లను విషయమును గూర్చి మాటలాడుమని కార్యనిర్వాహకులు మమ్ము గోరిరి.

ముందుగా నొక పదమును విచారింతము. ఉపవాసమనగా అన్నము మానుటయే నేడు స్ఫురించుచున్నది. సంస్కృతమున 'ఉప' యనగా సమీపము; 'వాస' మనగా నివసించుట. యజ్ఞమునకు ముందుదినమున దేవతలు యజమానుని యింట వసింతురనియు, అతిథులు భుజింపకముందే గృహస్థు భుజించుట తగదనియు శతపథబ్రాహ్మణము చెప్పుచున్నది. అనగా సన్నిధి ముందు, నిరాహారము తరువాత. శ్రమకాలమున నలువది దినములు ఉపవసించు క్రైస్తవులకును ఈ యర్థము మిక్కిలి యుపకరించును. యోహాను సువార్త పదునైదవ అధ్యాయమునందలి ద్రాక్షావల్లి దృష్టాంతమును ఇదియే బోధించును. తీగె ఆదివారమునాడు వల్లిని దర్శించి మరలిపోవునది కాదు; దినదినమును దానియందే నిలిచియుండును. సామీప్యమనగా రాకపోక కాదు, కాపురము.

ఈ నగరమున అట్టి కాపురమునకు తీరిక యెక్కడ నని మీరడుగవచ్చును. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగు తరగతులకు పరుగెత్తు విద్యార్థులను, ఎల్.బి.నగర్ కూడలియొద్ద విజయవాడ బస్సులకై నిలుచువారిని మేమును చూచుచునే యున్నాము. కాని మార్కు సువార్త మొదటి అధ్యాయమును చదువుడు. సాయంకాలమున పట్టణమంతయు ప్రభువున్న యింటి వాకిట గుమిగూడెను. మరునాడు ఇంకను చీకటి యుండగనే ఆయన లేచి, నిర్జనప్రదేశమునకు బోయి ప్రార్థించెను. అక్కడికిని శిష్యులు వెదకికొనుచు వచ్చిరి. ఆ యేకాంతము ఆయనకు ఊరక దొరకినది కాదు; నిద్రను తగ్గించి సంపాదించుకొనినది.

పనివేళలయందును సన్నిధి విడువనక్కరలేదు. పదునేడవ శతాబ్దమున పారిసు నగరపు మఠమొకదానిలో లారెన్సు అను సహోదరుడు వంటపని చేయుచుండెను. పాత్రల చప్పుడు నడుమను అతడు దేవునితో సంభాషించుట నభ్యసించెను. 2018 సెప్టెంబరు 24 నుండి మన యెల్.బి.నగర్‌కు మెట్రోబండి నడచుచున్నది గదా! అందెక్కిన యువకుడు విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్ చేరులోపల ఒక కీర్తనను మనసున పాడుకొనవచ్చును.

కీర్తన యనగానే పురుషోత్తమ చౌదరిగారిని స్మరింపవలెను. 1803లో బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, క్రైస్తవమతమును స్వీకరించి, 1890లో దివంగతులైన ఆ మహనీయుడు తెలుగున పెక్కు భక్తికీర్తనలు రచించెను. అవి ఆంధ్రక్రైస్తవ కీర్తనలయందు చేరి నేటికిని దేవాలయములలో పాడబడుచున్నవి. గ్రంథము చేత లేకున్నను పాట నోట నుండును. అక్షరము రాని తల్లికిని సన్నిధి సులభమగును.

ఇక మన సభ తప్పక వినవలసిన మాట యొకటి గలదు. కనబడు సహోదరుని ప్రేమింపనివాడు కనబడని దేవుని ప్రేమింపజాలడని యోహాను మొదటి పత్రిక తాత్పర్యము. తమిళదేశమున జన్మించిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు తెలుగు నేర్చి, 1912లో దోర్నకల్ బిషప్పుగ అభిషిక్తులై, 1945లో మరణించువరకు తెలుగు గ్రామముల పేదలకు సేవచేసిరి. 1910లో ఎడింబరో మహాసభయందు వారు పాశ్చాత్య మిషనరీల త్యాగమును కొనియాడుచునే, వారి స్నేహమును గూడ మాకిండని యడిగిరి. సంఘములో కులభేదమును వారు సహింపలేదు.

ఆ ప్రశ్న నేడు మనల నడుగుచున్నది. మన సంఘము పేదవిద్యార్థులకు తోడ్పడుట మెచ్చదగినదే. కాని ప్రభువు బల్లయొద్ద ఒక్క రొట్టెలో పాలుపంచుకొని, వాకిలి దాటగనే కులమడుగుట యేమి? వివాహము మాటలాడునపుడు గుణవిశ్వాసములకంటె ముందు కులమును వెదకుట యేమి? ఇవి యుండగా నలువది దినముల యుపవాసము ఆకలియే యగును, సమీపవాసము గాజాలదు. పొరుగువానిని దూరముంచిన యింట దేవుడు మాత్రము దగ్గరగా నెట్లుండును?

కావున మా మనవి రెండు మాటలు. ప్రతి గృహమునను రాత్రి కొంతసేపు అందరును కలిసి ప్రార్థింపుడు. రాబోవు శ్రమకాలమున ఉపవాసము విడుచు ఒక సాయంకాలమైనను వేరొక కులపు కుటుంబమును మీ యింటికి బిలిచి, ఒకే పంక్తిని భుజింపుడు. క్రైస్తవేతరులగు మన బంధువులకును ఈ రెండవ మనవి సమ్మతమే యగునని నమ్ముచున్నాము.

స్వస్తి.